మరదలు చేప

మరదలు నిజానికి మరదలు కాదనీ, మరిది అనీ ముందుగా కనిపెట్టింది చిన్న కోడలే. కానీ ఆ మాట ఆమె నోటి నుంచి బయటపడేసరికి చాలా రోజులు పట్టింది. ఎందుకంటే ఆ ఇంట్లో చిన్న కోడలు ఏదైనా చెప్పబోతే, దాన్ని మధ్యలోనే అందుకుని పూర్తిచేసే మనిషి ఒకరున్నారు. పెద్ద కోడలు.

అలాగని పెద్ద కోడలు చెడ్డదేమీ కాదు. చిన్న కోడలికి జ్వరం వస్తే పక్కన కూర్చుని తడిగుడ్డ వేసేది ఆమే, పండు కోస్తే పెద్ద ముక్క ఆమెకే పెట్టేదీ ఆమే. ప్రేమ ఎక్కువైన చోట మాట కూడా ఎక్కువవుతుంది కాబోలు. "చిన్నదానికి నోట్లో నాలుక లేదు, పాపం. అందుకే దాని తరఫున నేనే మాట్లాడాలి" అనేది. నాలుక కదపడానికి అవతలి మనిషికి సందు దొరకాలి కదా అన్నది మాత్రం ఆమెకు తట్టలేదు.

వాళ్ళ ఇంటి ముందు గదే పార్లర్. వీధి వైపు పెద్ద కిటికీ, దాని పక్కన పెద్ద కోడలి కుర్చీ. జుట్టు కత్తిరించడం, ముడులు వేయడం, వచ్చినవాళ్ళతో లోకాభిరామాయణం ఆమె పని. వెనక గదిలో తల కడిగే బేసిను, దాని పక్కన చిన్న కోడలి కుర్చీ. జుట్టుకు రంగు వేయడం ఈమె పని. గిన్నెలో రంగు కలిపి, బ్రష్షుతో పాయపాయకీ పూసి, అది పట్టేదాకా ఆగి, కడిగి ఆరబెడుతుంది. రెండు గదులకూ మధ్యనున్న వెడల్పాటి గుమ్మం పక్కనే, అటువాళ్ళకీ ఇటువాళ్ళకీ కనిపించేలా, చేపల తొట్టి ఉంటుంది.

తొట్టి తెచ్చింది పెద్ద కోడలి భర్త. ఆయనది అద్దాల కొట్టు. పార్లర్లో అద్దాలన్నీ ఆయన కోసి బిగించినవే. ఎవరో చెప్పి చేయించుకున్న తొట్టిని మళ్ళీ వచ్చి తీసుకెళ్ళకపోతే, అది ఇంటికి చేరింది. తొట్టి వచ్చాక చేపలు రాక తప్పుతుందా?

"ఇవి ఆఫ్రికా సరస్సుల్లో పుట్టే జాతి. సిక్లిడ్లంటారు" అన్నాడు ఆయన, సంచిలోని నీళ్ళతో సహా చేపల్ని తొట్టిలో వదులుతూ.

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చూసింది. "ఇదేం ఖర్మరా! అన్నీ బూడిదలో దొర్లినట్టున్నాయి. కాస్త రంగున్నవి దొరకలేదా?"

"పిల్లలప్పుడు ఇంతేనమ్మా. ఎదిగాక మగవాటికి రంగులు తేలతాయట. ఆడవి మాత్రం ఎప్పటికీ ఇలాగే."

"ఓహో. అయితే ఆ సరస్సులో మన పార్లర్ పెడితే మగాళ్ళే వస్తారన్నమాట" అంది అత్తగారు.

నెలలు గడిచేసరికి వాటిలో ఒకదానికి నిజంగానే రంగొచ్చింది. మొదట మూతి దగ్గర సిరా మరక పడ్డట్టు కాస్త నీలం. ఆ నీలం ముఖమంతా పాకి, ఒంటి మీదకి దిగింది. తర్వాత మెడ వెనక నారింజ రంగు. దాంతోపాటే దాని నడకా మారింది. రెక్కలు విప్పుకుని, రొమ్ము విరుచుకుని, తొట్టంతా తన సొంతమన్నట్టు తిరగడం మొదలుపెట్టింది.

"అచ్చం బావగారిలా ఉంది" అంది చిన్న కోడలు తనలో తాను అనుకున్నట్టు. సరిగ్గా అప్పుడే హెయిర్ డ్రయ్యర్ ఆగింది. ఆ మాట ఇల్లంతా వినబడింది.

కొత్త చొక్కా వేసుకుని, అద్దంలో కాలర్ సర్దుకుంటున్న బావగారు వెనక్కి తిరిగారు. చిన్న కోడలు ముఖం టవల్లో దాచుకుంది. ఆయన మాత్రం పకపకా నవ్వి, "సరే, నేను బావగారినైతే, ఆ రాళ్ళ సందులోంచి బయటికి రాకుండా తొంగి చూసేది మరదలు" అన్నాడు. అలా పేర్లు స్థిరపడిపోయాయి. అన్నిటికన్నా లావుగా, నిదానంగా ఉండేది అత్తయ్య.

"మరి నేనేది?" అంది పెద్ద కోడలు.

ఆయన తెలివైనవాడు. కొట్టుకు టైమైందని వెళ్ళిపోయాడు.

ఒకసారి అత్తయ్య చేప బుగ్గలు పొంగించుకుని, మేత ముట్టకుండా కూర్చుంది. చేపల కొట్టతనికి ఫోన్ చేస్తే, "కంగారేం లేదు. నోట్లో గుడ్లు పెట్టుకుంది. పిల్లలై ఈదేదాకా తినదు, నోరు తెరవదు. మూడు వారాలు ఓపిక పట్టండి" అన్నాడు.

"మూడు వారాలు నోరు తెరవకుండానా? పేరు మార్చండిరా. అది నేను కాదు" అని తేల్చి చెప్పింది అత్తగారు.

రంగు పూశాక అది జుట్టుకు పట్టేదాకా ఆగాలి కదా. ఆ ఖాళీలో చిన్న కోడలు స్టూలు లాక్కుని తొట్టి ముందు కూర్చునేది. రోజంతా రంగుల మీద బతికే కన్ను ఆమెది. నలుపులో ఎరుపెంతుందో, గోధుమలో పసుపెంతుందో చూడగానే చెప్పగలదు. అలాంటి కంటికి ఒకరోజు మరదలి కన్ను కింద సన్నని నీలి గీత కనబడింది. కింది రెక్క మీద గుడ్ల లాంటి పసుపు చుక్కలు కూడా. బావగారు చేప అటు వచ్చేసరికి స్విచ్చి ఆపినట్టు అంతా మాయమై బూడిద మిగిలింది. అది పక్కకి తిరగగానే మళ్ళీ సన్నగా నీలం.

"అక్కా, మన మరదలు..." అంది ఆ సాయంత్రం.

"మేత తినడం లేదు కదూ? నేనూ చూశాలే. సన్నగా నలిపి వేద్దాం."

"మేత కాదండీ, దాని రంగు..."

"నీళ్ళు మార్చాలంటావు. ఆదివారం మీ బావగారు మారుస్తారులే."

చిన్న కోడలు రంగు గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది. మర్నాడు ఆ సంగతి అత్తగారి చెవిన వేసింది. అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రం టీ దగ్గర పెద్దకొడుకుని పట్టుకుని, "ఏరా, మీ మరదలు మగాడట కదా!" అంది.

ఆయనకి టీ పొలమారింది. అందరూ తొట్టి చుట్టూ మూగారు. చేపల కొట్టతనికి మళ్ళీ ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టారు.

"పసుపు చుక్కలున్నాయా? నీలం కూడా కనబడిందా? అయితే మగదేనండీ" అన్నాడతను. "పెద్ద మగది తొట్టిలో ఉన్నంతకాలం చిన్న మగదాని రంగు తేలదు. తేలితే పెద్దది తరిమి తరిమి కొడుతుంది. అందుకని ఆడదానిలా బూడిద రంగులోనే ఓ మూల గడిపేస్తుంది."

"అసలు రంగు దాచుకుందన్నమాట, టక్కరిది!" అంది అత్తగారు.

"దాచుకోవడం కాదమ్మా. బయటపెట్టడానికి దానికి చోటు లేదు" అన్నాడతను. "వేరు పెట్టి చూడండి. ఎలా విచ్చుకుంటుందో."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఒకటే నవ్వులు. వ్యాన్ నడిపే చిన్నకొడుకు ఇంట్లో అడుగుపెట్టగానే, "నీకో తమ్ముడు తేలాడురా! మరదలు కాస్తా మరిదైపోయింది" అన్నాడు అన్న.

"నాకంటే రంగేనా?"

"బురదలో దొర్లినా నీకంటే రంగే" అంది అత్తగారు.

చిన్న కోడలు కూడా నవ్వింది. నవ్వనిది పెద్ద కోడలొక్కతే. 'బయటపెట్టడానికి దానికి చోటు లేదు' అన్న మాట ఆమెకు చేపముల్లులా గొంతులో అడ్డం పడింది. ఎందుకో అప్పటికి ఆమెకే తెలియలేదు.

తెలిసింది మర్నాడు. వెనక గదిలో కూర్చున్న ఒకావిడ చిన్న కోడల్ని అడిగింది: "ఈ రంగు ఎన్నాళ్ళుంటుందమ్మా?"

"నెలన్నర ఉంటుందండీ!" అంది పెద్ద కోడలు ముందు గదిలోంచి, చేతిలో కత్తెర ఆపకుండానే. అలా అంటూ తన ముందున్న అద్దంలోకి చూసింది. అందులో వెనక గది కనిపిస్తోంది. చిన్న కోడలి పెదవులు మాట కోసం విచ్చుకుని ఉన్నాయి. మెల్లగా మూసుకున్నాయి. ముఖంలో ఏదో వెలుగు వచ్చినట్టే వచ్చి ఆరిపోయింది.

ఆ అద్దం పెట్టి ఏళ్ళయింది. అందులో ఇలాంటిది ఎన్నిసార్లు జరిగి ఉంటుందో! ఆమె మాత్రం తన ముఖమూ, ముందు కూర్చున్నవాళ్ళ జుట్టూ తప్ప ఏనాడూ మరొకటి చూడలేదు. ఈ పిల్ల ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో, రంగుల పని నేర్చుకుని వచ్చిన ఉత్సాహంలో, 'అక్కా, ఇలా చేద్దామా, అలా చేద్దామా' అంటూ వెంట తిరిగేది. ఎప్పుడు మానేసింది? మానేసిన రోజు ఏదో కూడా గుర్తు లేదు. దీపం ఒక్కసారిగా ఆరిపోతే తెలుస్తుంది. వత్తి తగ్గిస్తూ పోతే ఎవరికి తెలుస్తుంది?

'అమ్మో, నేనే ఆ పెద్ద చేపని' అనుకుంది. చేతిలో కత్తెర ఆగింది.

పెద్ద కోడలి స్వభావం తెలిసినవాళ్ళకు ఆ తర్వాత జరిగిందాంట్లో ఆశ్చర్యమేమీ ఉండదు. తప్పు తెలిసిన మరుక్షణం దిద్దుబాటు కూడా తానే మొదలుపెట్టేసింది. బస్టాపు దగ్గర పుస్తకాల కొట్టు ఖాళీ అయిందని విని, ఆ కొట్టు యజమానితో మాట్లాడి, చూడ్డానికి తాళంచెవి తెచ్చుకుంది. అక్కడ చిన్నదానికి సొంత పార్లర్ పెట్టించాలి. అంతా కుదిరేదాకా ఎవరికీ చెప్పకూడదు. ఆ పిల్ల ముఖం వెలిగిపోవడం తన కళ్ళతో చూడాలి. పక్క గదిలో ఆ పిల్ల లేని పార్లర్ తలుచుకుంటే గుండె కలుక్కుమంది. అయినా సరే అనుకుంది.

చేప సంగతీ తేల్చాలి కదా. ఆ మధ్యాహ్నం చేపల కొట్టతనితో ఫోన్లో అంది: "మరదల్ని వేరు పెట్టేద్దామనే అనుకుంటున్నానండీ. ఇక్కడే ఉంటే నా కళ్ళముందే వెలవెలబోతుంది. చిన్నదైనా సరే, తనకంటూ ఓ చోటుండాలి. మొదట్లో కాస్త బెంగపడుతుందేమో. అలవాటైపోతుంది లెండి."

చివరికొచ్చేసరికి ఆమె గొంతు వణికింది. తాను మాట్లాడుతున్నది చేప ఒక్కదాని గురించే కాదని ఆమెకూ తెలుసు. వెనక్కి తిరిగితే, మడతపెట్టిన టవళ్ళ దొంతితో గుమ్మంలో చిన్న కోడలు.

"టవళ్ళు ఆ అరలో పెట్టెయ్, చిన్నా" అంది పెద్ద కోడలు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆమె టవళ్ళు పెట్టి వెళ్ళిపోయింది.

మిగిలిన అద్దం ముక్కలతో పెద్ద కోడలి భర్త ఓ చిన్న తొట్టి చేశాడు. దాన్ని వెనక గదిలో, రంగు ట్యూబుల అల్మరా మీద పెట్టి, మరదల్ని అందులోకి మార్చారు. ఇక విచ్చుకోవడమే తరువాయి అని అందరూ కాచుకు కూర్చున్నారు. కానీ అది ఇంకా పాలిపోయింది. ఉన్న నీలి గీత కూడా చెరిగిపోయింది. మూలకి అంటుకుపోయి, వేసిన మేతని ఉమ్మేసింది.

చిన్న కోడలూ అలాగే తయారైంది. పిలిస్తే పలుకుతుంది, అడిగింది చేస్తుంది. అంతే. తన గిన్నెలూ బ్రష్షులూ విడిగా కడిగి, విడిగా సర్దుకోవడం మొదలుపెట్టింది. అంతకుముందు అన్నీ ఒకే బుట్టలో ఉండేవి.

"ఏమన్నావే దాన్ని?" అని అడిగింది అత్తగారు.

"నేనేమంటానత్తయ్యా? చేప తినడం లేదని బెంగ పెట్టుకుంది. నేను చెప్పబోయే మాట వింటే ఎగిరి గంతేస్తుంది, చూడండి."

సెలవు రోజు సాయంత్రం, "పద, నీకొకటి చూపించాలి" అని చిన్న కోడల్ని బస్టాపు దాకా నడిపించుకుపోయింది. షట్టర్ ఎత్తింది. లోపల దుమ్ము, ఖాళీ అరలు, గోడకు పాత క్యాలెండరు మేకు. "ఇక్కడ అద్దం వస్తుంది. ఇక్కడ కుర్చీ. బేసిను ఆ మూలకి. బోర్డు మీద నీ పేరే. ఎలా ఉంది?"

చిన్న కోడలు గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"ఎందుకక్కా చూపించడం? మీరు అనుకున్నారు కదా, అయిపోయింది. మా ఆయనకి మీరు చెబుతారా, నేను చెప్పుకోనా?"

"ఏం చెప్పాలి?"

"ఆ రోజు ఫోన్లో విన్నాను. మరదల్ని వేరు పెట్టేస్తానన్నారు. అలవాటైపోతుందన్నారు." గుమ్మం బయటే ఒక అడుగు వెనక్కి వేసింది. "నేనేం తప్పు చేశానో చెబితే దిద్దుకునేదాన్ని కదండీ."

పెద్ద కోడలు ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసి, పగలబడి నవ్వింది. "ఓసి పిచ్చిదానా! అది చేప గురించే! మరదలంటే చేపే! నువ్వనుకున్నావా?"

ఆ నవ్వు ఖాళీ కొట్టులో గోడలకు తగిలి తిరిగొచ్చింది. అది ఆగాక, తామిద్దరూ ఎక్కడ నిలబడి ఉన్నారో ఆమె చూసుకుంది. తన చేతిలో తాళంచెవి చూసుకుంది.

చిన్న కోడలూ దాన్నే చూస్తోంది. "చేప గురించే అయితే, ఈ కొట్టు ఎవరికి?"

ఇక దాచలేక పెద్ద కోడలు అంతా చెప్పేసింది. అద్దంలో చూసింది, పెద్ద చేప తానేనని తెలుసుకుంది. "నేను పక్కనుంటే నీ రంగు తేలదే, చిన్నా. అందుకే..."

"నేను చేపనా?"

 ఆ గొంతు పెద్ద కోడలు ఎప్పుడూ విన్నది కాదు.

"చెప్పు, నేను చేపనా? నన్ను ఎప్పుడూ మాట్లాడనివ్వలేదని నీకు తెలిసింది. బాగుంది. మరి దానికి మందు కూడా నన్ను అడక్కుండానే కనిపెట్టేశావా? కొట్టు నువ్వే చూశావు, బేసిను ఏ మూలనో నువ్వే చెప్పావు. ఇక్కడ ఒక్కదాన్నే కూర్చుని ఎవరితో నవ్వాలి నేను? నువ్వు లేకుండా?"

దారిన పోయేవాళ్ళు ఇటు తిరిగి చూశారు. చిన్న కోడలు పట్టించుకోలేదు. బుగ్గలు ఎర్రబడ్డాయి, కళ్ళు మెరుస్తున్నాయి. పెద్ద కోడలికి మాత్రం చెవుల్లో ఒకే మాట గింగురుమంటోంది. నువ్వు. ఇన్నేళ్ళూ 'మీరు, అండీ' దాటని మనిషి 'నువ్వు' అంది. తిడుతూ అందా, ఏడుస్తూ అందా అన్నది తర్వాతి సంగతి. అంది.

"సరే. ఇప్పుడు అడుగుతున్నాను. నీకేం కావాలి?"

అడిగి, ఊరుకుంది. అలా ఊరుకోవడం ఆమెకు ఎంత కష్టమో ఆమెకే తెలియాలి. జవాబులు నాలుక చివర వరస కట్టాయి. రెండు బస్సులు వచ్చిపోయాయి. ఆమె పళ్ళు బిగబట్టి నిలబడింది.

"నాకు కిటికీ కావాలి" అంది చివరికి చిన్న కోడలు.

"కిటికీయా?"

"రంగు ఎలా వచ్చిందో పగటి వెలుగులో చూడాలక్కా. ట్యూబులైటు కింద ఎరుపు కూడా గోధుమలా కనబడుతుంది. అందుకే ప్రతివాళ్ళనీ తడి తలతో పెరట్లోకి తీసుకెళ్తాను. నువ్వెప్పుడూ చూడలేదా?"

పెద్ద కోడలు చూసింది. గాలి కోసం వెళ్తున్నారేమో అనుకుంది. ఆ మాట బయటికి చెప్పలేదు.

"ఇంకా?"

"నన్నడిగిన దానికి నేను చెబుతాను. తప్పు చెప్పినా సరే."

"ఇంకా?"

"ఆ చేపని అలా ఒంటరిగా పెట్టకూడదు. చూసేవాళ్ళే లేకపోతే అది ఎవరికోసం రంగు తేలాలి?"

తాళంచెవి ఆ సాయంత్రమే తిరిగి వెళ్ళిపోయింది. చిన్న కోడలు బావగారి చేత చిన్న తొట్టిని ముందుకు మార్పించి, పెద్ద తొట్టి పక్కనే, అద్దానికి అద్దం ఆనేలా పెట్టించింది. పెద్ద చేప ఉరికొచ్చి, అద్దానికి మూతి కొట్టుకుని, ఏమీ అర్థంకాక వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ కొట్టుకుంది. మరదలు మొదట రాయి వెనక దాక్కుంది. తర్వాత సగం తొంగి చూసింది. కొన్నాళ్ళకి, దెబ్బ పడదని నమ్మకం కుదిరాక, అద్దం దగ్గరికొచ్చి రెక్కలు విప్పింది.

అప్పుడు తేలింది రంగు. అందరూ బావగారి నీలం లాంటిదే అనుకున్నారు. కాదు. ముఖం నీలమే గానీ, ఒళ్ళంతా పండిన నిమ్మపండు పసుపు. అంచుల్లో తెల్లటి గీత.

"ఇన్నాళ్ళూ ఇంత పసుపు ఎక్కడ పెట్టుకుందే ఇది?" అంది అత్తగారు. మగదని తేలినా పేరు మాత్రం ఎవరూ మార్చలేదు. అలవాటైపోయిన పేరు, మరదలు.

కుర్చీలు రెండూ ఇప్పుడు కిటికీ దగ్గరే పక్కపక్కన ఉన్నాయి. ఒకరి మోచేయి మరొకరికి తగులుతుంది. ఆ ఇరుకుకి పెద్ద కోడలు రోజూ ఒకసారైనా విసుక్కుంటుంది. కుర్చీ మాత్రం అంగుళం జరపదు.

మొన్న చాలా కాలంగా వచ్చే టీచరమ్మ చిన్న కోడలి కుర్చీలో కూర్చుని, "నాకు ఏ రంగు నప్పుతుందమ్మా?" అని అడిగింది.

ఇటు కుర్చీలో ఎవరికో ముడి వేస్తున్న పెద్ద కోడలి నోరు అలవాటుగా తెరుచుకుంది. తెరుచుకున్న నోటిని ఏం చెయ్యాలో తోచక, ట్రేలోంచి గుప్పెడు హెయిర్ పిన్నులు తీసి పెదవుల మధ్య బిగించింది. బుగ్గలు పొంగాయి.

చిన్న కోడలు తొందరపడలేదు. టీచరమ్మ జుట్టు పాయ ఒకటి వేళ్ళ మీదకి తీసుకుని, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. "మీకు నలుపు వద్దండీ, ముఖం కటువుగా కనబడుతుంది. ముదురు గోధుమలో చిటికెడు ఎరుపు కలుపుతాను. నెరిసిన పాయ ఒకటి ఇక్కడ ఉండనిద్దాం, అందంగా ఉంటుంది."

టీచరమ్మకు నెరిసిన పాయ సంగతి నచ్చిందో లేదో, అలవాటు కొద్దీ ఇటు తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అంది. పెద్ద కోడలు పిన్నుల నోటితో, చేతిలోని దువ్వెనతో పక్క కుర్చీ వైపు చూపించింది.

టీ పట్టుకొచ్చిన అత్తగారు గుమ్మంలోనే ఆగి, ఆ పొంగిన బుగ్గల్ని ఎగాదిగా చూసింది. "ఏమే పెద్దదానా, నువ్వు కూడా నోట్లో గుడ్లు పెట్టుకున్నావా?"

పెద్ద కోడలి భుజాలు నవ్వుతో కదిలిపోయాయి. చిన్న కోడలు గిన్నె పక్కన పెట్టి, చెయ్యి చాచి ఆమె నోటి కింద పట్టింది.

"ఆగక్కా, నవ్వకు. ముందు అవి ఉమ్మెయ్. నువ్వు పిన్నులు మింగావంటే నావల్ల కాదు."